పొయ్యి లేకుండా మరిగే నీరు

చుట్టూ సముద్రం, తాగడానికి నీరు కరువు! ఓడ మునిగినవాడి కథ అనుకుంటున్నారా? కాదు. అరేబియా సముద్రంలోని మన లక్షదీవుల మాట ఇది. అక్కడ ఏరూ కాలువా లేవు.

మరి బావులు తవ్వుకోలేదా? తవ్వుకున్నారు. వాననీరు పగడపు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. లీటరు మంచినీరు 1000 గ్రాములైతే సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు. ఆ 25 గ్రాముల తేడాలోనే ఉంది కిటుకంతా! 1000ని 25తో భాగించండి, 40 వస్తుంది. అంటే సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరుంటే, లెక్క ప్రకారం దాని కింద 40 అడుగుల దాకా మంచినీరే. కాని మోటారు పెట్టి ఆ పై అడుగు కాస్తా తోడేశారో, కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి ఎగబాకుతుంది. చేదతో తోడుకున్నన్నాళ్లూ ఈ బెడద అంతగా లేదు.

అందుకని 2005లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కవరత్తి దీవిలో ఒక యంత్రాగారాన్ని నెలకొల్పింది. సముద్రపు నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లబరిస్తే మంచినీరు. మీరు బడిలో చూసిన స్వేదనమే, కాని పొయ్యి లేదు! ఎత్తయిన కొండల మీద నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడుకు ముందే మరుగుతుందనీ, అందుకే పప్పు ఓ పట్టాన ఉడకదనీ చదువుకున్నారుగా? గాలి పీడనం తగ్గడమే కారణం. ఒక గదిలో గాలిని లాగేసి పీడనాన్ని 40వ వంతుకు తెస్తే (మళ్లీ 40! ఇది కాకతాళీయం సుమా) నీరు 21, 22 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడి సముద్రం పైనీరు దాదాపు 28 డిగ్రీలు. గదిలోకి రాగానే కుతకుతలాడిపోతుంది! ఆ ఆవిరిని చల్లబరచడానికి 350 మీటర్ల లోతునుంచి గొట్టంతో తెచ్చిన 12, 13 డిగ్రీల నీరుంది. నూరు లీటర్లకు ఇంచుమించు ఒక్క లీటరే ఆవిరవుతుంది. అయినా రోజుకు లక్ష లీటర్ల మంచినీరు!

వేడి ఉచితమే. మరి అంత నీరు తోడే పంపులకూ, గాలి లాగే పంపుకూ కరెంటు కావద్దూ? అది చాలా మట్టుకు డీజిలు జనరేటర్లనుంచే వచ్చింది. ఆ డీజిలేమో ఓడల్లో రావాలి. అంటే మంచినీళ్లు ఓడెక్కి వచ్చినట్టే కదా!

2024లో కవరత్తిలో బ్యాటరీలతో కూడిన సౌరవిద్యుత్ కేంద్రం మొదలయింది. ఆ సంస్థ ఇంజనీర్లు ఇంకో దారి కూడా పట్టారు. తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని సముద్రపు పైనీటి వెచ్చదనంతో ఆవిరి చేసి టర్బైను తిప్పడం, లోతు నీటితో దాన్ని మళ్లీ ద్రవంగా మార్చడం. ఇలా నడిచే 65 కిలోవాట్ల కేంద్రం నిర్మాణాన్ని కవరత్తిలోనే చేపట్టారు. పొద్దుగూకినంత మాత్రాన సముద్రం చల్లారిపోదు గనక దీనికి రాత్రీ పగలూ ఒకటే. అయితే ఈ కరెంటు వీధి దీపాలకు కాదు. మంచినీటి యంత్రాగారపు పంపులకే.