ఉత్తర్వు నుంచి కబురు దాకా: కార్వాన్ ప్రాథమిక పాఠశాలల సిబ్బందికి భద్రతా సమాచారం – భాషాపరమైన పరిశీలన

వ్యాససంగ్రహం: పాఠశాల భద్రతకు సంబంధించి మన దేశంలో చట్టాలు, న్యాయస్థాన ఆదేశాలు, మార్గదర్శకాలు ఉన్నాయి. అవి ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ప్రతి వ్యక్తికీ అర్థమయ్యే మాటగా చేరే మార్గమేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. హైదరాబాద్‌లోని కార్వాన్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, ఉత్తర్వుల్లోని వాక్యనిర్మాణం, సిబ్బంది మాట్లాడే భాషలు, నిత్యవిధుల ఒత్తిడి అనే మూడు అంశాల దృష్ట్యా ఈ సమస్యను వివరించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పాఠశాల భద్రత, మాక్ డ్రిల్, పరిపాలనా భాష, బహుభాషా సిబ్బంది, కార్వాన్.

1. ప్రవేశిక:

తెలుగులో ‘సమాచారం’, ‘కబురు’ అనే రెండు మాటలు దాదాపు ఒకే అర్థంలో వాడుకలో ఉన్నాయి. మొదటిది సంస్కృతసమం. రెండవది అరబీ ‘ఖబర్’ నుంచి వచ్చి తెలుగు నుడికారంలో కలిసిపోయిన మాట. వ్యవహారంలో మాత్రం వీటి మధ్య సన్నని భేదం కనిపిస్తుంది. సమాచారం దస్త్రంలో ఉండవచ్చు, గోడ మీద ఉండవచ్చు, ఎవరూ చదవకపోయినా అది సమాచారమే. కబురుకు పంపేవారు, తెచ్చేవారు, అందుకొనేవారు ఉండాలి. ప్రాథమిక పాఠశాలల్లో భద్రతా విన్యాసాల గురించి, రోజువారీ బాధ్యతల గురించి సిబ్బందికి తెలియజేసే పద్ధతిని పరిశీలించడానికి ఈ భేదం ఉపకరిస్తుంది. ఉత్తర్వు వెలువడిందా అన్న ప్రశ్నకు కార్యాలయం దగ్గర జవాబు ఉంటుంది. అది ఆయాకు తెలుసా అన్న ప్రశ్నకు జవాబు బడిలోనే వెతకాలి.

2. కార్వాన్ – నది, కోట, బడి:

గోల్కొండ కోటకూ, 1578లో నిర్మించిన పురానాపూల్‌కూ నడుమ, మూసీ నదికి ఉత్తరపు వైపున కార్వాన్ ఉంది. బిడారులు విడిది చేసిన చోటు కనుక ఆ పేరు స్థిరపడింది. కుతుబ్‌షాహీల కాలంలో ఇది వర్తకుల పేట. 1671 నాటి టోలి మసీదు ఆ కాలానికి సాక్ష్యంగా ఇప్పటికీ నిలిచి ఉంది. నేటి కార్వాన్ ఇరుకు సందులు, ఆనుకొని కట్టిన ఇళ్లు, దక్కనీ ఉర్దూ, తెలుగు, హిందీ, మరాఠీ మాట్లాడే కుటుంబాలు కలిసి ఉండే ప్రాంతం. ఇలాంటి చోట బడి నుంచి పిల్లలను బయటికి తీసుకురావడం ఎంత ముఖ్యమో, బయటికి వచ్చాక ఎక్కడ నిలబెట్టాలన్నదీ అంతే ముఖ్యం.

ఈ ప్రాంతానికి ఆపద కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద నగర చరిత్రనే మార్చింది. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు ఆ విషాదం దరిమిలా వచ్చినవే. ఇటీవలి మూడు సందర్భాలు పాఠశాల దృష్టితో గమనించదగినవి.

మొదటిది, 2020 అక్టోబరు 13, 14 తేదీల భారీ వర్షాలు. కార్వాన్ శాసనసభ నియోజకవర్గ పరిధిలోని టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీటిలో ఉంది. అప్పుడు కోవిడ్ కారణంగా బడులు మూసి ఉన్నాయి. రెండవది, 2025 మే 7న దేశవ్యాప్తంగా జరిగిన పౌర రక్షణ విన్యాసం. ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో హైదరాబాద్‌లో ఎంపిక చేసిన నాలుగు చోట్లలో కార్వాన్‌కు పొరుగునే ఉన్న గోల్కొండ ఒకటి. ఆ సాయంత్రం సైరన్ మోగే నాటికి బడులకు వేసవి సెలవులు. మూడవది, 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి, పురానాపూల్‌కు దిగువన ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ముంచెత్తింది. అవి దసరా సెలవుల రోజులు.

మూడు సందర్భాల్లోనూ తరగతి గదుల్లో పిల్లలు లేరు. అందువల్ల పాఠశాల సిబ్బందికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్న పరీక్ష జరగలేదు. కేవలం యాదృచ్ఛికంగా లభించిన ఈ వెసులుబాటును సంసిద్ధతగా పొరబడే ప్రమాదం ఉంది.

3. శాసనాలు, మార్గదర్శకాలు:

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో జరిగిన పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు మరణించారు. ఆ నేపథ్యంలో దాఖలైన అవినాశ్ మెహరోత్రా వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 2009 ఏప్రిల్ 13న తీర్పునిచ్చింది. విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా ఇమిడి ఉందని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఉపాధ్యాయులతో పాటు ఇతర సిబ్బందికి కూడా శిక్షణ ఉండాలని ఆదేశించడం ఇందులో ముఖ్యాంశం. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రతా విధాన మార్గదర్శకాలను వెలువరించింది. ప్రతి బడికీ విపత్తు నిర్వహణ ప్రణాళిక, క్రమం తప్పని మాక్ డ్రిల్‌లు ఉండాలని అవి సూచించాయి. 2021లో కేంద్ర విద్యాశాఖ పాఠశాల యాజమాన్యాల జవాబుదారీతనాన్ని నిర్ణయించే మార్గదర్శకాలను విడుదల చేసింది. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలి. ‘ప్రతి వ్యక్తి’ అన్నప్పుడు బడి ఊడ్చే మనిషి కూడా అందులో ఉన్నట్టే. కనుక ఈ బాధ్యత తమకు ఉందని వారికి తెలియజేయడం కూడా బడి విధుల్లో ఒకటవుతుంది.

4. ఉత్తర్వు వాక్యం – ఆచరణ వాక్యం:

భద్రతా ఉత్తర్వుల్లో తరచుగా కనిపించే వాక్యనిర్మాణానికి ఈ కింది వాక్యాన్ని మాదిరిగా తీసుకోవచ్చు: “అత్యవసర పరిస్థితులలో విద్యార్థులను సురక్షిత ప్రదేశమునకు తరలించుటకు తగు చర్యలు గైకొనవలెను.” వ్యాకరణరీత్యా ఇది దోషరహితం. అయితే వాక్యంలో కర్త లేదు. ‘గైకొనవలెను’ అన్న క్రియ ఎవరిని ఉద్దేశించిందో తేలదు. ‘సురక్షిత ప్రదేశం’ ఏదో తేలదు. ‘అత్యవసర పరిస్థితి’ వచ్చిందని ఎవరు, ఏ గుర్తుతో ప్రకటిస్తారో తేలదు. కార్యాలయానికి ఇలాంటి వాక్యం సౌకర్యం, ఎందుకంటే అది అన్ని బడులకూ వర్తిస్తుంది. ఆ కారణం చేతనే అది ఏ ఒక్క బడికీ సరిపోదు.

ఈ అస్పష్టత ఎంత దూరం తీసుకెళ్తుందో జపాన్ అనుభవం తెలియజేస్తుంది. 2011 మార్చి 11 నాటి సునామీలో ఇషినోమాకి పట్టణంలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు, 10 మంది సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు లేదా గల్లంతయ్యారు. బడి వెనుకనే కొండ ఉంది. భూకంపం తర్వాత దాదాపు 50 నిమిషాల వ్యవధి కూడా ఉంది. బడి విపత్తు ప్రణాళికలో మాత్రం తరలవలసిన చోటు దగ్గరలోని ఖాళీ స్థలం, పార్కు వంటివి అని సాధారణీకరించి ఉంది. ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయం ఆలస్యమైంది. ముందస్తు సంసిద్ధతలో పాఠశాల, నగర విద్యామండలి విఫలమయ్యాయన్న తీర్పును 2019లో జపాన్ సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

ఉత్తర్వు వాక్యాన్ని బడి తన స్థలానికి తగినట్టు తిరగరాసుకుంటే అది ఇలా ఉండవచ్చు: “గంట ఆగకుండా మోగితే 1, 2 తరగతుల పిల్లల ముందు ఆయా నడుస్తారు, వెనుక తరగతి ఉపాధ్యాయిని వస్తారు. వెనుక గేటు గుండా మైదానానికి చేరుకోవాలి. అక్కడ హాజరు పట్టీ చూసి పేర్లు పిలవాలి.” ఇందులో కర్త, గుర్తు, దారి, గమ్యం, ముగింపు అన్నీ ఉన్నాయి.

‘డ్రిల్’ అన్న ఒక్క మాట కింద పరస్పర విరుద్ధమైన చర్యలు ఉన్నాయన్నది మరొక అంశం. నిప్పు అంటుకుంటే వెంటనే బయటికి రావాలి. వరద నీరు చేరితే పై అంతస్తుకు వెళ్లాలి. భూమి కంపిస్తే ముందు బల్ల కింద తల దాచుకొని, కుదుపు ఆగాక బయటికి నడవాలి. వైమానిక దాడి సైరన్ వినిపిస్తే కిటికీలకు దూరంగా లోపలే ఉండాలి. నాలుగింటికీ ఒకే గంట మోగితే సిబ్బంది ఏది చేయాలి? గుర్తులు వేరుగా ఉండాలి, వాటి పేర్లు వాడుకమాటల్లో ఉండాలి. ‘మంట గంట’, ‘నీళ్ల గంట’ వంటి మాటలకు ఏ శిక్షణా అవసరం లేదు.

కార్వాన్ వంటి ప్రాంతంలో భాషల బాహుళ్యం ఇందుకు అడ్డంకిగా మారనక్కర లేదు. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండవ అధికార భాషగా రాష్ట్రమంతటా అమలులో ఉంది కనుక సూచనలను తెలుగు, ఉర్దూలలో పక్కపక్కనే రాయడానికి అధికారిక ప్రాతిపదిక ఉంది. దానితో పాటు ఖాళీ, హాజరు, తయారు, జవాబు వంటి మాటలు రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. ‘నిష్క్రమణ ద్వారం’ అని రాసిన చోట చదువరి ఆగుతాడు. ‘గది ఖాళీ చేయాలి’ అంటే తెలుగువారికీ ఉర్దూవారికీ ఒకేసారి అర్థమవుతుంది.

5. ‘సిబ్బంది’ పరిధి:

పాఠశాల సమాచారం సాధారణంగా జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం నుంచి డిప్యూటీ ఐఓఎస్, కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుల మీదుగా బడికి చేరుతుంది. చివరి అంచెలో అది వాట్సాప్ సందేశం. ఆ సమూహంలో ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు ఉంటారు. ఆయా, పారిశుధ్య పనివారు, మధ్యాహ్న భోజనం వడ్డించేవారు, పని సర్దుబాటు మీద నిన్ననే వచ్చిన ఉపాధ్యాయుడు అందులో లేకపోవచ్చు. పిల్లలు మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు, భోజనానికి వరుసలో నిలబడినప్పుడు వారికి అతి దగ్గరగా ఉండేది వీరే.

కబురు పై నుంచి కిందికే కాక కింది నుంచి పైకి కూడా నడవాలి. 2013 జూలై 16న బీహార్‌లోని ఛప్రా సమీపాన గండామన్ గ్రామ బడిలో మధ్యాహ్న భోజనం విషపూరితమై 23 మంది పిల్లలు మరణించారు. వంట చేసిన మహిళ నూనె విషయంలో ముందే సందేహం చెప్పిందని నాటి వార్తాకథనాలు పేర్కొన్నాయి. వంటమనిషి సందేహాన్ని వినే ఏర్పాటు బడిలో ఉండడం కూడా భద్రతా సమాచార వ్యవస్థలో భాగమేనని ఈ ఘటన తెలియజేస్తుంది.

6. నిత్యవిధుల నడుమ భద్రత:

విద్యాహక్కు చట్టం (2009) 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను నిర్దేశించింది. తయారీ సమయంతో కలిపి వారానికి 45 పనిగంటలు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్ చెబుతుంది. హాజరు నమోదు, భోజన సంఖ్య, 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ అభ్యసన కార్యక్రమం, యాప్‌లలో వివరాల నమోదు వీటన్నిటి గురించీ సందేశాలు ఒకే ఫోన్‌కు వస్తాయి. ‘ఈరోజే పంపగలరు’ అన్న నివేదికా, ‘గోడ దగ్గర పిల్లలను ఆడనివ్వవద్దు’ అన్న హెచ్చరికా ఒకే ఆకారంలో కనిపిస్తాయి. నివేదిక ఆలస్యమైతే అదే రోజు ఫోన్ వస్తుంది, హెచ్చరికను చూడకపోతే ఎవరూ అడగరు. అందువల్ల సిబ్బంది దృష్టి సహజంగానే మొదటి దాని మీద నిలుస్తుంది.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ప్రార్థన సమయానికి ముందు రెండు నిమిషాల సమావేశం. ఆ రోజు ఎవరు సెలవు, వారి తరగతి బాధ్యత ఎవరిది, ఏ గేటు తెరిచి ఉంది, ఏ గది వాడకూడదు అన్న నాలుగు విషయాలు నోటితో చెప్పి, సిబ్బంది గది బోర్డు మీద రాస్తే చాలు. ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో ఒకరు శిక్షణకు వెళ్తే ప్రణాళికలోని సగం పేర్లు ఖాళీ అవుతాయి. కనుక ప్రతి బాధ్యతకూ ప్రత్యామ్నాయ వ్యక్తిని రాసి ఉంచాలి.

మాక్ డ్రిల్ విషయంలోనూ ఈ క్రమం వర్తిస్తుంది. తొలి విన్యాసాన్ని సిబ్బందికీ, తల్లిదండ్రులకూ ముందే తెలిపి నిర్వహించాలి. లేకపోతే ఇరుకు వీధుల్లో వదంతి గంటకన్నా ముందు పరుగెత్తుతుంది. నడవలేని, వినలేని పిల్లల వెంట ఎవరుండాలో ముందే నిర్ణయించాలి. ముగిసిన వెంటనే ఎంతసేపు పట్టింది, ఎవరు వెనుకబడ్డారు, ఏ తలుపు తెరుచుకోలేదు అన్నవి అందరి సమక్షంలో చర్చించాలి. ఫోటో పంపడంతో డ్రిల్ పూర్తయినట్టు భావిస్తే నేర్చుకోవలసిన భాగం మిగిలిపోతుంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• భద్రతా ఉత్తర్వును ప్రతి బడీ తన స్థలానికి, తన మనుషులకు తగినట్టు కర్త, గుర్తు, దారి, గమ్యం స్పష్టంగా ఉండేలా తిరగరాసుకోవాలి.

• అగ్ని, వరద, భూకంపం, సైరన్‌లకు వేర్వేరు గుర్తులు, వాడుకమాటల్లో పేర్లు ఉండాలి.

• సూచనలు తెలుగు, ఉర్దూలలో, వీలైనంతవరకు ఉమ్మడి పదాలతో ఉండాలి. చదవడం రానివారికి నోటిమాటగా చెప్పాలి.

• ‘సిబ్బంది’ అన్న మాటలో ఆయా, వడ్డించేవారు, పారిశుధ్య పనివారు తప్పనిసరిగా చేరాలి. వారి హెచ్చరికను నమోదు చేసే పద్ధతి ఉండాలి.

ఈ ఏర్పాట్లు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి దస్త్రం చూడనవసరం లేదు. బడిలో అందరికన్నా చివర చేరిన వ్యక్తిని మూడు ప్రశ్నలు అడిగితే చాలు: గంట ఆగకుండా మోగితే మీరు ఎక్కడికి వెళ్తారు? మీ వెంట ఏ పిల్లలు ఉంటారు? ఈరోజు ఏ గేటు తెరిచి ఉంది?