నాలుక కింది మాత్ర

పంజాబ్ ప్రభుత్వం 2017 అక్టోబరులో మోగా, తరన్‌తారన్, అమృత్‌సర్ జిల్లాల్లో మత్తు అలవాటుకు వైద్యం చేసే ‘ఓట్’ క్లినిక్కులు తెరిచింది. అక్కడ నర్సు మాత్రను నలిపి పొడి చేసి నాలుక కింద వేస్తుంది. కరిగేదాకా మాట్లాడకూడదు, నీళ్లు తాగకూడదు, కళ్లెదుటే కూర్చోవాలి. అదయ్యాకే పనికి పోవాలి.

ఆ మాత్ర బ్యూప్రెనార్ఫిన్, నాలొక్సోన్‌ల మిశ్రమం. బ్యూప్రెనార్ఫిన్‌దీ నల్లమందు కుటుంబమే. అక్కడివాళ్లు ‘చిట్టా’ అనే హెరాయిన్ దొరక్క వాంతులతో, ఒళ్లునొప్పులతో, నిద్రలేక విలవిల్లాడే మనిషిని అది నిలబెడుతుంది. ఒక మోతాదు దాటాక దాని ప్రభావం పెరగదు కనుక ఊపిరి ఆగే ముప్పు తక్కువ. సూదితో ఎక్కించుకోబోతే నాలొక్సోన్ అడ్డుపడుతుంది.

‘ఒక మత్తు వదిలించడానికి ఇంకో మత్తా?’ అని కన్నవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు డాక్టర్లు కూడా బ్యూప్రెనార్ఫిన్ రాయడం మొదలుపెట్టారు. 1999 నాటికి హెరాయిన్ మోతాదు మించి చనిపోయేవాళ్ల సంఖ్య 79 శాతం పడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఎయిమ్స్ 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు సుమారు 2.26 కోట్లు. ఇంతమంది ఉన్న దేశంలో మాత్ర వద్దనడం ప్రాణాలతో చెలగాటమే.

అయితే భయపడ్డవాళ్లదీ తప్పు కాదు.

ప్రైవేటు కేంద్రాల్లో ఈ మాత్ర సరుకైపోయింది. కోట్ల మాత్రలకు లెక్క తేలలేదన్న వార్త 2020లో పంజాబ్‌ను కుదిపేసింది. 22 కేంద్రాలు నడుపుతున్న ఒక డాక్టరును, మాత్రలు దారి మళ్లించారన్న ఆరోపణపై 2025 మొదట్లో అక్కడి విజిలెన్స్ అధికారులు పట్టుకున్నారు. అదే ఏడాది వచ్చిన కొత్త నిబంధనలు ఒకరికి అయిదు కేంద్రాలకు మించి ఉండకూడదన్నాయి, వేలిముద్ర హాజరు తప్పనిసరి చేశాయి. వేలిముద్ర మాత్రల లెక్క చెబుతుంది. మోతాదు ఎప్పుడు తగ్గించాలో, ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కోవడానికి మాత్రం కౌన్సెలర్ కావాలి, డాక్టరుకు తీరిక కావాలి. చీటీ రాసి పంపేసే చోట ఆ రెండూ ఉండవు.

తెలంగాణలో ఇదే కథ మరో మందుతో నడుస్తోంది. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం ఒంటికి అలవాటై, కల్లు బందవగానే మూర్ఛలు వచ్చి ఆస్పత్రికి చేరేవాళ్లున్నారు. వాళ్లకు డాక్టర్లు ఇచ్చే డయాజిపామ్ కూడా అదే జాతి మందు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపేస్తే అది వైద్యం. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో నెలల తరబడి కొంటే రెండో అలవాటు మొదలైనట్టే. తగ్గించడం ఏ వారం మొదలవుతుందో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో చీటీ మీదే రాయించుకోవాలి. ఆ మాట మొదటి రోజే రోగితోపాటు వచ్చినవాళ్లు డాక్టరును అడగాలి.