తూత్తుకుడి తీరమున భోజనము: ఎక్కడ? ఎప్పుడు?

వేసవి సెలవులు వచ్చినంతనే మన సత్రపట్టి యిండ్లలో పిల్లలు మొట్టమొదట అడుగునది సముద్రము. మర మగ్గముల చప్పుడును, బ్యాండేజి గుడ్డల మూటలను ఒక్క దినము మరచి, తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని సాత్తూరు, కోవిల్పట్టి మీదుగా తూత్తుకుడికి బయలుదేరుదురు. సముద్రపుగాలి సోకినంతనే ఆకలి రెట్టింపగును. అప్పుడు "ఎక్కడ తిందము?" అను ప్రశ్న పుట్టును. ఒక హోటలు పేరు చెప్పి యూరకుండుట సులభమే. కాని పేరొక్కటి తెలిసినంతమాత్రమున మేలు కలుగదని మేము అనుభవముచే నేర్చుకొంటిమి. ఆ నేర్చినది మీకును పనికివచ్చునని యిట వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట మే నెలలో, ఒక ఆదివారమునాడు, మధ్యాహ్నము మూడు గంటలకు మేము పిల్లలతో సముద్రతీరమందలి యొక భోజనశాలకు పోయితిమి. అన్నము చల్లారియుండెను. సాంబారు అడుగునకు దిగియుండెను. "చేప వేపుడు మాత్రము వేడిగా కలదు" అనిరి. ఎర్రగా మసాలా పట్టించిన సూరచేప ముక్కలను పిల్లలు ఇష్టముగా తినిరి. గంట గడవకమునుపే చిన్నవాని ముఖము ఎర్రబారెను. ఒడలెల్ల దద్దురులు లేచెను. తలనొప్పియు వాంతియు తోడయ్యెను. వైద్యునియొద్దకు ఎత్తుకొని పరుగెత్తితిమి. మందు పడిన పిదప చీకటి పడువేళకు బిడ్డ నెమ్మదించెను. తప్పులో సగము అంగడివానిది, సగము మాది. ఆ నెలలో, ఆ వారమున, ఆ వేళకు చేప అడుగుటలో గల చిక్కు మాకు అప్పుడు తెలియదు.

మొదట నెల సంగతి. తమిళనాటి తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలు వేటకు పోరాదని ప్రభుత్వ నిషేధము కలదు. 2017కు పూర్వము ఇది 45 దినములే. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వాటిని విడిచిపెట్టినచో సముద్రమున సంతతి నిలుచునని ఈ యేర్పాటు. నాటుపడవలకు ఈ నిషేధము లేదు గాని అవి తెచ్చునది కొంచెము. కేరళతీరమున నిషేధము జూన్, జూలై నెలలలో వచ్చును. కావున మే నెలలో ఇక్కడి కొరత తీర్చుటకు అక్కడి చేప మంచుగడ్డలలో లారీలమీద వచ్చును. మన పిల్లల సెలవులు సరిగా ఈ నిషేధకాలముననే పడుచున్నవి. చేపకొరకే పోదలచినవారు జూన్ మూడవ వారము దాటిన పిదప ఏదైన శనివారము చూచుకొనుట మేలు.

శనివారమని యేల అంటిమి? ఈ తీరపు జాలరులలో పెక్కుమంది 16వ శతాబ్దమునుండి క్రైస్తవులు. ఆదివారము ప్రార్థనదినము గనుక సాధారణముగా సముద్రముమీదికి పోరు. మనకు తీరిక చిక్కునది ఆదివారమే. నాడు మన ఆకులో పడు చేప అంతకు ముందటి దినమునో, ఆ ముందటి దినమునో పట్టినది.

ముందటి దినపు చేప యెల్ల చెడినదని కాదు. పట్టినది మొదలు మంచులో ఉంచినచో మంచిదే. మంచు తప్పి యెండలో నిలిచిన చేపతోనే ఆపద. సూర, అయిల, సాళ మొదలగు చేపలయందు, చల్లదనము లోపించినంతనే సూక్ష్మజీవులు పెరిగి, హిస్టమిన్ అను పదార్థమును పుట్టించును. ఇది ఒకసారి పుట్టినచో ఎంత వేయించినను, ఎంత ఉడికించినను నశింపదు. మసాలా దాని జాడను కప్పిపుచ్చును. తిన్న కొన్ని నిమిషములనుండి గంటలోపల ముఖము ఎర్రబారుట, దద్దురులు, తలనొప్పి కనిపించును. మా చిన్నవానికి కలిగినది ఇదియే. నోటికి కారము కాని మంట, చురుకు తోచినచో వెంటనే తినుట మాని వైద్యునికి చూపవలెను.

కావున చేప తినగోరువారు మసాలా పూసి వరుసగా పేర్చిన ముక్కలను చూచి మోసపోక, పూయకముందటి చేపను చూపుమని అడుగవలెను. కన్నులు ఉబ్బి మెరయుచుండవలెను. మొప్పలు ఎర్రగా నుండవలెను. వ్రేలితో నొక్కిన గుంట వెంటనే నిండవలెను. చూపుటకు వెనుదీయు అంగడిలో పప్పన్నముతో తృప్తిపడుట లెస్స. గోడమీద ఆహారభద్రతా అనుమతిపత్రము, దానిపై 14 అంకెల సంఖ్య ఉన్నదో లేదో చూచుట పిల్లలకు అప్పగింపదగిన పని.

ఇక వేళ. అరటియాకు భోజనమునకు పన్నెండున్నర మొదలు రెండు గంటలలోపల కూర్చుండవలెను. అప్పుడు అన్నము వార్పుమీద వార్పు దిగుచుండును. ఏదియు నిలువ యుండదు. బయటి ఊరివారి కార్లు నిలిచిన చోటికంటె, ఓడరేవు కూలీలును గుమాస్తాలును గుంపుగా తినుచోటు నమ్మదగినది. నిత్యము వచ్చువానికి చెడ్డకూడు పెట్టి యే అంగడియు నిలువజాలదు. రాత్రి యైనచో పరోటా అంగళ్ళు కలవు. పెనముమీదినుండి నేరుగా ఆకులోనికి వచ్చునది గనుక భయము తక్కువ. విరుదునగరమున నూనెలో మునిగి కరకరలాడు పరోటా వేరు, ఇక్కడి పెనపు పరోటా వేరు. రెంటిని పోల్చి చూచుట పిల్లలకు వేడుక. మైదాపిండి బరువు గనుక చిన్నవారికి ఒకటి చాలును.

తిరుగుప్రయాణమున కొనదగినది మాకరూన్. గ్రుడ్డు తెల్లసొన, చక్కెర, జీడిపప్పు పొడి, ఈ మూటితో చేసిన కోపువంటి చిరుతిండి యిది. పోర్చుగీసువారి రాకతో ఈ రేవునకు వచ్చినదని చెప్పుకొందురు. వెన్నగాని, పిండిగాని ఇందు లేవు. తెల్లసొనను నురుగుగా గిలకొట్టి, చక్కెర కలిపి, మందమైన వేడిలో ఆరబెట్టుదురు. అందువలననే నోట పెట్టినంతనే కరగును. గాలి తగిలినచో తేమ పీల్చి మెత్తబడును గనుక మూత బిగువైన డబ్బాలో ఉంచవలెను. శాకాహారులగు మన యిండ్లవారు ఇందు గ్రుడ్డు కలదని మరువరాదు. వారికి ఉడన్‌గుడి కరుపట్టి, అనగా తాటిబెల్లము, కలదు. తిరుచెందూరు వరకు పోవువారికి దేవాలయమున దినమంతయు అన్నదానము 2022 నుండి జరుగుచున్నది.

ఈ జాగ్రత్త మన తీరమునకే ప్రత్యేకము కాదు. మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఫ్రాన్సు దేశమందలి మార్సెయ్ నగరమున, బూయాబేస్ అను చేపల పులుసు ప్రసిద్ధము. అమ్ముడుపోక మిగిలిన రాతిచేపలతో జాలరులు తమకొరకు వండుకొన్న కూడే అది. బయటివారు వేలకొలది రాసాగిన పిదప ఆ పేర ఏదో ఒక పులుసు వడ్డించుట పెరిగెను. అందుచే 1980లో అచ్చటి భోజనశాలలవారు కొందరు కూడి, ఏ చేపలు వేయవలెనో తెలుపు నియమపత్రము నొకటి వ్రాసికొనిరి. ఏ సముద్రపుటొడ్డుననైనను పలకమీది పేరుకంటె ఆనాటి పడవలో వచ్చినదేదో తెలిసికొనుటయే ముఖ్యము.

చివర ఒక్క మాట. భోజనశాలలో కూర్చున్నంతనే మనలో కొందరు గొంతు తగ్గించి, పిల్లలతో కూడ తెలుగు మాని తమిళము మాటలాడుదురు. వడ్డించువానితో తమిళము మాటలాడుట మర్యాదయే. "ఈ చేప యెప్పటిది?" అని తమిళమున నోరారా అడుగుట పిల్లలకు నేర్పుదము. "నాయనా, ఇంకొంచెము పప్పు వేయించుకో" అను మాట మాత్రము ఇంటి మాటగానే ఉండనిండు. ప్రక్క బల్లవాడు తిరిగి చూచినను నష్టములేదు. సరియైన ప్రశ్న ఒక భాషలోను, ప్రేమ మరియొక భాషలోను పలుకగల బిడ్డకు ఏ ఊరి పంక్తిలోనైనను సంకోచముండదు.