నలుపు తెలుపుల నడుమ ఒకే రంగు

ఛాయాచిత్రంలో ఒక వస్తువునో ఒకరి దుస్తులనో మాత్రమే రంగులో ఉంచి, మిగిలిన దృశ్యమంతటినీ నలుపు తెలుపుల్లోకి మార్చే పద్ధతికి సెలెక్టివ్ కలర్ అని పేరు. కంప్యూటర్లకు ఎంతో ముందే ఈ ఆలోచన పుట్టింది. 1925 నాటి ఐజెన్‌స్టీన్ మూకీ చిత్రం ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’లో తిరుగుబాటు నౌక మీద ఎగిరే జెండాకు ఫ్రేము తరువాత ఫ్రేముగా ఫిల్ము మీదనే చేత్తో ఎరుపు అద్దారు, 1993లో స్పీల్‌బర్గ్ ‘షిండ్లర్స్ లిస్ట్’లో నలుపు తెలుపుల వీధిలో నడిచిపోయే చిన్నారి కోటును మాత్రమే ఎర్రగా చూపించాడు. ఆ రెండు చోట్లా రంగు కథలో భాగమైంది గనుకనే ప్రేక్షకులకు అది గుర్తుండిపోయింది.

ఇప్పుడు ఇదే పని ఫొటోషాప్‌లోనూ, ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఎవరైనా చేయవచ్చు. అయితే నేర్చుకునేవారు రంగు మిగలవలసిన వస్తువు మీదనే శ్రద్ధ పెడతారు గాని, చిత్రం నిలిచేదీ పడిపోయేదీ రంగు తీసేసిన భాగంలోనే. పల్నాటి మిర్చి కల్లంలో ఎర్రటి రాశి పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతున్న ఆకుపచ్చ చీర స్త్రీ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. డిజిటల్ చిత్రంలోని ప్రతి పిక్సెల్, అంటే చిత్రం ఏర్పడిన అతి చిన్న చుక్క, సాధారణంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలను 0 నుంచి 255 వరకు ఉన్న కొలమానంలో దాచుకుంటుంది. రంగు గాఢతను సూచించే సాచురేషన్‌ను సున్నాకు దించితే సాఫ్ట్‌వేర్ ఆ మూడింటిలో పెద్దదానికీ చిన్నదానికీ సగటు మాత్రమే తీసుకుంటుంది గనుక, స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే బూడిదరంగుగా మారి దృశ్యం చప్పబడిపోతుంది. మానవ నేత్రానికి ఆకుపచ్చ ఎక్కువ కాంతివంతంగానూ నీలం తక్కువగానూ కనిపిస్తాయి. అందుకే టెలివిజన్ కాలం నుంచి వస్తున్న ఒక లెక్క ఎరుపుకు సుమారు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11 శాతం ప్రాధాన్యం ఇస్తుంది. ఫొటోషాప్‌లోని బ్లాక్ అండ్ వైట్ సర్దుబాటు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఏ రంగు ఎంత లేత బూడిదగా మారాలో విడివిడిగా నిర్ణయించుకోనిస్తుంది. ఆ స్త్రీ చీరను వెనుకనున్న చెట్ల నీడ నుంచి విడదీయగలిగేది ఈ సర్దుబాటే.

దీనిని అసలు చిత్రం మీద నేరుగా కాక, పైన పరచిన ఒక లేయర్‌గా, అంటే పారదర్శకమైన పొరగా ఉంచాలి. ఆ పొరకు అనుబంధంగా ఉండే మాస్క్‌లో తెల్లని చోట సర్దుబాటు పనిచేస్తుంది, నల్లని చోట పనిచేయదు, బూడిద చోట కొంతమేరకే పనిచేస్తుంది. కలంకారీలో నీలిమందు అంటకూడని చోట మైనం పూసినట్లే, ఇక్కడ మిర్చి రాశి మీద మాస్క్‌లో నల్ల బ్రష్‌తో పూస్తే అక్కడ మాత్రం ఎరుపు తిరిగి వస్తుంది. పొరపాటు జరిగితే తెల్ల బ్రష్‌తో సరిదిద్దుకోవచ్చు, అసలు చిత్రానికి ఏ నష్టమూ ఉండదు.

ఎరుపంతటినీ ఒకేసారి ఎంచుకునే సాధనం ఉన్నా దానినే పూర్తిగా నమ్మరాదు. మనిషి చర్మపు రంగు వర్ణచక్రంలో ఎరుపుకు చేరువగా నారింజ వైపున ఉంటుంది కాబట్టి, ఎంపిక పరిధి కొంచెం పెరిగినా ఆమె చేతులూ పెదవులూ అందులోకి వచ్చి మరకల్లా మిగులుతాయి. పరిధి మరీ తగ్గితే రాశి నీడలోని కాయలు బూడిదైపోతాయి. సాధనం చేసిన ఎంపికను చేత్తో సవరించి, అంచును ఫెదర్ అనే అమరికతో ఒకటి రెండు పిక్సెళ్ల మేర మెత్తబరచడం మేలు. అంచుకంటే ఎక్కువగా మోసం చేసేది ప్రతిఫలించిన రంగు. పచ్చికలో కూర్చున్న పిల్లవాడిని మాత్రం రంగులో ఉంచితే, అతని తెల్లచొక్కా అంచున పడిన పచ్చని ఛాయకు మూలమైన గడ్డి బూడిదైపోయింది గనుక, ఆ ఛాయ కారణం లేని మురికిలా కనబడుతుంది. అక్కడ గాఢతను విడిగా తగ్గించక తప్పదు. ఫోన్లలో ఒక్క తాకుతో జరిగే ఎంపిక ఎక్కువగా తడబడేది జుట్టు దగ్గరా, వేళ్ల సందుల దగ్గరా, ఇటువంటి ఛాయల దగ్గరానే.

ఏ చిత్రం ఇందుకు తగినదో తేల్చడానికి మొదట చిత్రమంతటినీ నలుపు తెలుపుల్లో చూడాలి. అప్పుడు కూర్పు నిలబడకపోతే ఒక ఎర్రటి భాగం దానిని కాపాడలేదు. కళ్లను మాత్రమే నీలంగానో పచ్చగానో మిగిల్చే అలవాటు ముఖంలోని భావాన్ని మింగివేస్తుంది గనుక, దానిని విడిచిపెట్టడమే మంచిది. వార్తాచిత్రాల్లోనూ దీనికి చోటు ఉండరాదు, ఎందుకంటే సంఘటనలో ఏది ముఖ్యమో చూపరి తేల్చుకోకముందే రంగు తేల్చేస్తుంది.

పని ముగిశాక లేయర్లు నిలిచే మూలప్రతిని విడిగా భద్రపరచుకోవాలి, ఎందుకంటే జేపెగ్ అనే ఫైలు రూపంలో పొరలన్నీ కలిసిపోతాయి. పైగా, ఎక్కువగా కుదించిన జేపెగ్ వెలుగు వివరాలను ప్రతి పిక్సెల్‌కూ ఉంచుకుని రంగు వివరాలను తరచుగా నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాచుతుంది. బూడిద నేలను ఆనుకున్న ఎర్రటి అంచు దగ్గర ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది కనుక, ముద్రణకు పంపే ప్రతిని అత్యధిక నాణ్యతలోనే దాచుకోవాలి.