మానేరు నీళ్లు చేరే చోటు

ఉత్తర తెలంగాణలో పుట్టి పెరిగిన మావంటి వారికి సముద్రమన్నది పాఠంలోని మాటే గాని కంటితో చూసిన వస్తువు కాదు. కరీంనగర్ వారికి పెద్ద నీరంటే దిగువ మానేరు జలాశయం; ఆదిలాబాద్ వారికి కడెం వాగు, కుంటాల జలపాతం. సముద్రంపై సాగే ఓడలను గురించి, చేప కడుపులో చిక్కుకున్న యూనుస్ ప్రవక్త (అలైహిస్సలాం) గురించి మూడు దశాబ్దాలుగా పిల్లలకు బోధిస్తున్న మేము, 54వ ఏట గాని ఆ నీటిని చూడలేదు. "అల ఎంత ఎత్తు ఉంటుంది ఉస్తాద్?" అని పిల్లలు అడిగితే మసీదు మినారు వైపు చూపించి ఊరుకునేవాళ్లం. అది ఎంత తప్పు కొలతో ఇప్పుడు తెలిసింది.

ఇంతకాలం వెళ్లకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. సుమారు ఇరవయ్యేళ్ల క్రితం మా మదరసా విద్యార్థులు నలభై మందిని ఒకే బస్సులో కుంటాలకు తీసుకువెళ్లాము. ఉపాధ్యాయులము ఇద్దరమే. నేరడిగొండ దాటి అడవిలోకి పోతే అక్కడ కడెం వాగు 147 అడుగుల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. కింద గుండం, చుట్టూ పాకుడు పట్టిన బండలు. వుజూ చేసుకోవడానికి దిగిన పన్నెండేళ్ల బాలుడు జారిపోయాడు. మేము తలలు లెక్కపెట్టినప్పుడు 39 వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాము, మళ్లీ 39. మేకలు కాసుకుంటున్న ఒక గోండు పెద్దాయన మాకంటే ముందే చూసి, తలపాగా విప్పి ఒక కొసను నీటిలోకి విసిరాడు. అల్లాహ్ దయవల్ల బాలుడు బతికాడు. నేడు ఇద్దరు బిడ్డల తండ్రి. ఆ పెద్దాయన పేరు అడగాలన్న స్పృహ కూడా ఆనాడు మాకు లేకపోయింది. తప్పు జలపాతానిది కాదు, పూర్తిగా మాదే. నాటి నుంచి నీరున్న చోటికి పిల్లలను తీసుకువెళ్లే మాట వస్తే కాదనడమే మా అలవాటయింది.

ఆ అలవాటును మా పెద్ద ఆపా మాన్పించారు. ఆమె వయసు 71. జగిత్యాల దగ్గరి పల్లెలో బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. బావగారు 1980 దశకంలో బొంబాయి మీదుగా దుబాయికి కూలికి వెళ్లారు. అక్కడే మరణించారు, అక్కడి ఖబరస్తాన్‌లోనే ఖననమయ్యారు. వార్త ఉత్తరంలో వచ్చేనాటికి జనాజా నమాజు జరిగి చాలా రోజులైంది. మన జిల్లాల్లో ఇటువంటి ఇళ్లు ఒకటీ రెండూ కావు గనుక దీనిని విపులంగా చెప్పనవసరం లేదు. నలభై ఏళ్లు ఏమీ అడగని ఆపా, గడచిన శీతకాలంలో ఒకనాడు, "తమ్ముడూ, నాకు ఒక్కసారి సముద్రం చూపించు" అన్నారు. ఎందుకని మేము అడగలేదు.

ఈసారి నలభై మంది కాదు, తొమ్మిది మందిమే అనుకున్నాము. ఆపా, మా దంపతులము, మా ఇద్దరు కుమార్తెలు, ఆదిలాబాద్ నుంచి మా చెల్లెలు, మరిది, వారి పదిహేడేళ్ల కొడుకు, కూతురు. ఒక్కరోజులో పది ప్రదేశాలు చూపిస్తామని పిలిచే పెద్ద బస్సులున్నాయి. వాటిలో మనిషికి దక్కేది కిటికీ సీటు, పది నిమిషాల సమయం. మేము ఒక చిన్న వాహనాన్ని, దానితోపాటు దారి తెలిసిన మనిషిని మాట్లాడుకున్నాము. స్త్రీలకు మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, జుహ్ర్ నమాజుకు ఎక్కడ ఆగవచ్చు, భోజనం సంగతేమిటి అని ముందే అడిగాము. అడగడానికి మొహమాటపడవద్దని పాఠకులకు మా సలహా. మరుగుదొడ్డి దొరకదన్న భయంతో దారి పొడవునా నీళ్లు తాగకుండా కూర్చునే తల్లులను ఎందరినో చూశాము.

వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నం. ఒకరోజు విశ్రాంతి తీసుకుని, మరునాడు ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాము. మా మార్గదర్శి జాలరి కుటుంబంలో పుట్టిన యువకుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివాడు. బండి కదలకముందే అతడు చేసిన మొదటి పని తలలు లెక్కపెట్టడం. ఇద్దరిద్దరిని జతలుగా విడదీసి, "మీ జత కనపడకపోతే నన్ను వెతకొద్దు, ముందు కేకెయ్యండి" అన్నాడు. అతనిపై మాకు నమ్మకం కలిగింది అక్కడే.

సూర్యుడు నీటిలోంచి లేవడం మా కుటుంబంలో ఎవరమూ అంతకుముందు చూడలేదు. తూర్పు తీరం గనుక ఇక్కడ ఉదయమే సముద్రానిది. అస్తమయం కొండల వెనుక. దక్షిణాన డాల్ఫిన్ నోస్ అనే కొండ నీటిలోకి ముక్కులా పొడుచుకుని ఉంది. దాని చాటునే 1933లో నౌకాశ్రయం ప్రారంభమైంది. రేవు ముఖద్వారం దగ్గర మూడు చిన్న కొండలున్నాయి: ఒకదానిపై దర్గా, ఒకదానిపై చర్చి, ఒకదానిపై వేంకటేశ్వరాలయం. వాటిని దూరం నుంచే చూసి ఉత్తరానికి మళ్లాము. అక్కడి నుంచి భీమునిపట్నం వరకు సుమారు 30 కిలోమీటర్ల దారి, చాలా మేరకు ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం.

తెన్నేటి పార్కు కింద అలలు రాళ్లను కొట్టే చోట మార్గదర్శి ఒక రాయిని చూపించాడు. ఈ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే శిలట. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులో గోమేధికం వంటి ఎర్రని గార్నెట్ రేణువులు మెరుస్తుంటాయి. రాయి అరిగి ఇసుకగా మారినప్పుడు అవే ఒడ్డున ఎర్రటి చారలవుతాయి. నల్లటి చారలు ఇల్మెనైట్‌వి. మా చిన్నమ్మాయి అది సముద్రంలో కలిసిన మురికి అనుకుంది. నిజానికి మేమూ అలాగే అనుకున్నాము, పైకి అనలేదు. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకువచ్చి తగులుకున్నది కూడా ఈ రాళ్లకే.

మంగమారిపేట దగ్గర సముద్రమే తొలిచిన రాతి తోరణం ఒకటుంది. అల వచ్చి తోరణం కిందుగా దూరి, వెనక్కి పోతూ రాయిని నాకుతుంది. ఎన్ని వేల ఏళ్లుగా నాకిందో! అక్కడే మా మేనల్లుడు ఒక సంగతి గమనించాడు. ఒడ్డు పొడవునా అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా, కాస్త మసకగా ఉంది. "మామా, అక్కడ అలలు లేవు, అక్కడ దిగుతాను" అని చెప్పులు విడిచాడు. మార్గదర్శి పరుగెత్తుకు వచ్చి భుజం పట్టుకున్నాడు.

అతడు చెప్పినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాము. మన జిల్లాల పిల్లలు సెలవుల్లో సముద్రానికి పోతున్నారు, వారికి చెప్పేవారు లేరు. అలలు ఒడ్డుకు నెట్టిన నీరంతా ఏదో దారిన వెనక్కి పోవాలి. అది ఇసుక దిబ్బల మధ్య సన్నని కాలువలా ఏర్పడి వేగంగా లోపలికి లాగుతుంది. ఆ కాలువ ఉన్నచోట లోతు ఎక్కువ, అందుచేత అల విరగదు. చూసేవారికి అదే క్షేమమైన చోటుగా కనిపిస్తుంది. అందులో చిక్కినవాడు ఒడ్డు వైపు ఎదురీదితే ఎంతటి బలశాలి అయినా అలసిపోతాడు. చేయవలసింది ఎదురీదడం కాదు; తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ సన్నని ప్రవాహం నుంచి తప్పుకోవాలి. ఆ తర్వాత అలలే ఒడ్డు వైపు తోస్తాయి. ఈత రానివాడు అసలు దిగకూడదు. "కుర్రాళ్లు పెద్ద అలకు భయపడతారు మాస్టారూ, చంపేది ఈ నిమ్మళమైన నీరే" అన్నాడతడు. మేము మాట్లాడలేకపోయాము. కుంటాలలో ఆ బాలుడు జారిన గుండం కూడా ఆనాడు అద్దంలా ఉంది.

ఎర్రమట్టి దిబ్బలకు చేరేసరికి పొద్దు పైకి వచ్చింది. ఫోటోల్లో చూసి ఏదో తవ్విన గుట్ట అనుకుంటారు గాని, లోపలికి దిగితే మనిషి మాట మారిపోతుంది. సముద్రం కనిపించదు, వినిపించదు. రెండు వైపులా ఎర్రని గోడలు, కాళ్ల కింద మెత్తని ఇసుక, మలుపు తర్వాత మలుపు. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్లు వ్యాపించిన ఈ దిబ్బలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ స్థలంగా ప్రకటించింది; 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి.

పుట్టుక చిత్రమైనది. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగంలో లోకంలోని నీరెంతో మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం నేటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఇప్పుడు నీళ్లున్న మేర ఎంతో దూరం ఆనాడు ఎండిన ఇసుక నేల. గాలి ఆ ఇసుకను ఎత్తి కొండల పాదాల వద్ద పోసింది. రేణువులలోని ఇనుము గాలికీ తేమకూ తుప్పుపట్టి ఇసుకకు ఎర్రని పూత పూసింది. తర్వాత వానలు, వాగులు దానిని కోసి ఈ లోయలు చెక్కాయి. వాన ఇంకా కోస్తూనే ఉంది. మనిషి పాదం అంతకంటే తొందరగా కోస్తుంది. గోడల మీదికి ఎక్కవద్దనీ, గుప్పెడు మట్టి కూడా తీసుకుపోవద్దనీ మార్గదర్శి ముందే చెప్పాడు. అయినా గోడల నిండా పేర్లు చెక్కి ఉన్నాయి, ప్రేమ గుర్తులతో సహా. వాటిలో మన ఊళ్ల పేర్లూ కనిపించాయి. సిగ్గనిపించింది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. 1825 వరకు ఇది డచ్చివారి స్థావరం. వారి సమాధులు ఇంకా ఉన్నాయి. ఎండ ఎక్కువగా ఉండడంతో బయటి నుంచే చూశాము. వంజరం వేపుడుతో భోజనం ముగించి, పోటు అందని చోట దుప్పటి పరిచి ప్రయాణికుల ఖస్ర్ ప్రకారం జుహ్ర్ రెండు రకాతులు చేశాము. ఖిబ్లా వైపు తిరిగితే సముద్రం వీపు వెనుక ఉంటుంది. కనపడని ఆ చప్పుడు సజ్దాలో నేల గుండా నుదుటికి తగిలింది. అంతకంటే దానిని గురించి రాయలేము.

తర్వాత ఆపా నీటి దగ్గరకు పోతానన్నారు. మార్గదర్శి నదీముఖం నుంచి బాగా దూరంగా, అల చివరి నురుగు మాత్రమే వచ్చే చోటు చూసి కూర్చోబెట్టాడు. ఒక చెయ్యి మా చెల్లెలు, ఒక చెయ్యి మా మేనల్లుడు పట్టుకున్నారు. నురుగు వచ్చి ఆమె పాదాలు తడిపి పోయింది. బీడీ ఆకు కత్తిరించి గట్టిపడిన వేళ్లతో ఆమె తడి ఇసుకను తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. ఆ పైన మార్గదర్శిని పిలిచి, "నాయనా, ఈ నీళ్లు దుబాయి దాకా పోతాయా?" అని అడిగారు.

మేము చప్పున జవాబు చెప్పబోయాము, అన్నీ ఒకటే సముద్రాలు కదా ఆపా అని. అతడు మాత్రం ఆలోచించి చెప్పాడు. ఎండాకాలం ముందు ఈ తీరపు ప్రవాహం ఉత్తరానికి పోతుందట. చలికాలంలో తిరగబడి దక్షిణానికి సాగుతుంది. గోదావరి, కృష్ణ, ఉత్తరాది నదులు వానాకాలంలో తెచ్చి పోసిన తియ్యని నీరు ఉప్పు నీటిపై తేలుతూ, ఆ ప్రవాహంతో శ్రీలంకను చుట్టి కేరళ వైపు అరేబియా సముద్రంలోకి చేరుతుంది. "అక్కడిదాకా లెక్క ఉందమ్మా. ఆ పైన దుబాయి ఉన్న ఖాడీ ఎప్పుడూ ఎండకు ఆవిరైపోతూ, బయటి సముద్రం నుంచి పైనీటిని లోపలికి లాక్కుంటూ ఉంటుంది. మీ నీళ్లు ఏ చుక్క ఎక్కడికి పోయిందో మాత్రం నేను చెప్పలేను."

ఆపా మా వైపు తిరిగారు. "మన మానేరు గోదావరిలోనే కదా కలిసేది?"

"అవును ఆపా. కుంటాల నీళ్లు కూడా. కడెం వాగు గోదావరిలోనే కలుస్తుంది."

"ఇది చలికాలమే కదా."

"అవును."

ఆమె ఇంకేమీ అనలేదు. చేతులెత్తి దుఆ చేసుకున్నారు. ఏమి కోరారో మేము వినలేదు. మార్గదర్శి కొంచెం దూరం పోయి, వీపు తిప్పి నిలుచుని, వేళ్ల మీద మమ్మల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. పెదవుల కదలికను బట్టి మేమూ లెక్కపెట్టాము. తొమ్మిది.

తిరుగు రైలులో రాజమండ్రి వద్ద గోదావరి వంతెన దాటుతున్నప్పుడు అందరూ నిద్రలో ఉన్నారనుకున్నాము. ఆపా కిటికీ ఊచ పట్టుకుని చీకట్లో కిందికి చూస్తున్నారు. వంతెన అయిపోయాక మెల్లగా అడిగారు: "తమ్ముడూ, బొంబాయికి రైలు మన దగ్గర ఎక్కడ ఎక్కాలి?"