టైల్స్ కంటే ముందు

దసరాలోపు ఇల్లు బాగుచేయించుకునేవాళ్ల కోసం కొత్త బాత్రూం డిజైన్ల మీద రంగుల కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. బుధవారానికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. షోరూముల్లో ఫొటోలు తీయించాం, అవీ ఈ సంచికలో ఉన్నాయి. కానీ హైదరాబాద్ నల్లకుంటలో ఒక పాత ఇంటికి మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేట్ కాగితం చూశాక నా మనసంతా దానిమీదికే పోయింది.

1970ల నాటి డాబా అది. కింద వంటిల్లు, సరిగ్గా దానిమీదే బాత్రూం. షాబాద్ బండల నేల, గోడల్లో జీఐ పైపులు, తలకన్నా ఎత్తులో ఇనుప ఫ్లష్ తొట్టి. వంటింటి స్లాబులోకి చెమ్మ దిగి పెచ్చులూడాయి, ఒకచోట తుప్పుపట్టిన కడ్డీ బయటపడింది. రిటైరైన టీచరమ్మ ఇల్లు. బండలు తీసి టైల్స్ వేయిస్తే చెమ్మ ఆగిపోతుందని ఆవిడ నమ్మకం. చాలా ఇళ్లలో వినపడే మాటే అది.

మేస్త్రీ కాగితం రూళ్ల నోటుబుక్కులోంచి చింపింది. నీలి ఇంకుతో వరసగా రాశాడు: కొట్టుడు పని, మట్టి ఎత్తివేత, పైపులు, నహానీ ట్రాపు, వాటర్‌ప్రూఫింగ్, ‘2 రోజులు నీళ్లు నిలబెట్టుట’, మాలు, అన్నిటికన్నా కింద టైల్స్. టైల్స్ ఎదురుగా ధర లేదు, ‘ఓనర్ ఇష్టం’ అని ఉంది. నీళ్లు నిలబెట్టే వరస కింద మాత్రం రెండు గీతలు కొట్టాడు. ఆ గీతలెందుకని అడిగాను.

“టైల్ నచ్చకుంటే మళ్లెప్పుడన్న మార్చుకుంటరు సార్. దాని కింద తప్పు జరిగితే మొత్తం పగలగొట్టాలె.”

సమ్మెట ఎత్తకముందే అతనో పరీక్ష పెట్టాడు. రెండు రోజులు ఆ బాత్రూం వాడొద్దన్నాడు, పైపులైను మాత్రం కట్టెయ్యలేదు. ఎవరూ వాడకపోయినా చెమ్మ పెరుగుతూనే ఉంటే తప్పు నీళ్లొచ్చే పైపుది. ఆరిపోయి, స్నానం చేశాక మళ్లీ తేలితే నేలదో, నీళ్లుపోయే దారిదో. ఇక్కడ ఆరింది, స్నానాలు మొదలవగానే తిరిగొచ్చింది. బండలు లేపితే, నీళ్లుపోయే నహానీ ట్రాపు మెడ దగ్గర సిమెంటు అతుకు పగిలి ఉంది. నేల ఎత్తు పెంచడానికి అప్పట్లో నింపిన ఇటుక ముక్కలు నల్లబడి, చేత్తో పట్టుకుంటే తడిసిన బెల్లంలా విరిగాయి. గోడలోంచి కోసి తీసిన అరంగుళం జీఐ పైపు ముక్కలో తుప్పు గడ్డకట్టి, పెన్సిల్ దూరే సందు కూడా లేదు. ధార సన్నబడిందని ఆ ఇంట్లో కుళాయిలు మార్చుకుంటూ వచ్చారు పాపం.

టైల్స్ మధ్య సందుల్లోంచి నీళ్లు నెమ్మదిగా దిగుతూనే ఉంటాయి. వాటిని ఆపాల్సింది కింద వేసే పూత. స్లాబు దాకా శుభ్రం చేసి, పైపు దిగే కంత చుట్టూ కుంచించుకుపోని గ్రౌటు నింపాలి. నేలా గోడా కలిసే మూలలు సిమెంటుతో గుండ్రంగా తిప్పాలి. ఆపైన పాలిమర్ సిమెంటు పూత రెండు చేతులు. గోడల మీదికి కనీసం అడుగు, షవర్ పడేచోట ఆరడుగులు. పూత ఆరాక నీళ్లుపోయే దారి మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, మట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి 48 గంటలు వదిలేయాలి. ఆ తర్వాత కింది గదిలోకి వెళ్లి స్లాబు తడిమి చూడాలి. వేరే ఇళ్లలో తొందర కొద్దీ ఎగ్గొట్టేది ఈ రెండు రోజులనే. కడ్డీ బయటపడ్డ స్లాబుకి తుప్పు గీకి మరమ్మతు చేయడం దీనికి తోడు ఉండాల్సిందే.

పాత నేల మీదే కొత్త టైల్స్ అతికించే పద్ధతి ఇప్పుడు జోరుగా నడుస్తోంది. చెమ్మ లేని చోట అభ్యంతరం లేదు. చెమ్మ ఉన్నచోట అది రోగాన్ని కప్పెట్టడమే. నేల లేస్తుంది, తలుపు రాసుకుంటుంది, కింద కారేది కారుతూనే ఉంటుంది.

బాత్రూం వంటింటి మీదికి ఎలా వచ్చిందో క్లుప్తంగా: 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి, నగరానికి భూగర్భ డ్రైనేజీ వచ్చింది. అయినా చాలా ఇళ్లలో స్నానం బావి దగ్గర, మరుగుదొడ్డి పెరటి చివర. అందులోని మలాన్ని మనుషుల చేత ఎత్తించిన దుర్మార్గాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో, మరింత గట్టి చట్టం 2013లో. పైపులు వచ్చాక బాత్రూం పెరడు వదిలి ఇంట్లోకి, ఆపైన మేడ మీదికి ఎక్కింది. వంటింటి నెత్తిన కూర్చున్నది అలాగే.

షాబాద్ బండ అంటే నాకు ప్రాణం. కలబురగి జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్ ఇళ్లనిండా పరుచుకున్న ఆ బూడిదరంగు రాయి తడిసినా కాలిని పట్టుకుంటుంది. టీచరమ్మ వాటిని పారేయనివ్వలేదు. పగలకుండా వచ్చినవి పెరట్లో బట్టలుతికే చోట పరిపించారు.

వాటం: ఐదడుగులకు ఒక అంగుళం చొప్పున నేల ట్రాపు వైపు వాలాలి. ట్రాపులో రెండంగుళాల నీరు నిలిస్తే వాసన, బొద్దింకలు పైకి రావు. వాడని బాత్రూంలో అప్పుడప్పుడూ చెంబుడు నీళ్లు పోయండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే: నిగనిగలాడే టైల్ వద్దు. గరుకుగా ఉండే, అడుగు కొలత టైల్ చాలు, సందులు ఎక్కువుంటే పట్టూ ఎక్కువ. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోయిన మనిషి దానికి అడ్డం పడకూడదు. చేతిపట్టు కడ్డీ గోడలోకి గట్టిగా దిగాలి, టైల్‌కి అతికించేది నమ్మొద్దు.

గీజర్: పాత వైరింగ్ మీద 2,000 వాట్ల గీజర్ పెట్టేముందు ఎర్తింగ్ చూపించుకోండి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ పెట్టించండి. గ్యాస్ గీజర్ అయితే మూసిన బాత్రూంలో వద్దే వద్దు. అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, స్నానం చేస్తున్న మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. గీజరూ, సిలిండరూ రెండూ గాలాడే చోట బయట పెట్టించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోండి.