స్థానము లేని విజయము

పందెమున మొదట వచ్చినవారి కీర్తిని లోకమెల్ల పాడును. ఏ స్థానమును పొందకయే కీర్తి నార్జించిన యొక వనిత చరిత్ర నిచట విన్నవించెదను. ఆమె ఇటలీదేశపు అల్ఫోన్సినా స్ట్రాడా.

ఈమె 1891వ సంవత్సరమున ఉత్తర ఇటలీలో నొక బీద కుటుంబమున జన్మించెను. తండ్రి కొన్ని కోళ్ల నిచ్చి మారుగా నొక పాత బైసికిలును తెచ్చెనందురు. బాలిక దానినెక్కి వీధుల వెంట పరుగిడుచుండ ఊరివారు 'దయ్యము' అని నిందించిరి. ఆదివారమున గుడికని చెప్పి యామె పందెములకు పోయెడిదట! 1915లో లుయీజీ స్ట్రాడా అను నతడామెను వివాహమాడెను. అతడు పెండ్లికానుకగా నిచ్చినది నగ గాదు, పందెపు బైసికిలు. 1917, 1918 సంవత్సరములలో లొంబార్డీ పందెమున పురుషులతో కూడ తొక్కి, రెండుమారులును తుదముట్ట చేరెను.

1924లో ఇటలీదేశమును చుట్టివచ్చు మహాపందెమునకు పేరొందిన వీరులు పెక్కురు సొమ్ము విషయమై తగవుపడి రాకపోయిరి. జనుల దృష్టి నాకర్షింపవలెనని నిర్వాహకులు అల్ఫోన్సినాను చేర్చుకొనిరి. ప్రయాణము 12 భాగములు, 3,613 కిలోమీటర్లు. త్రోవలు పెక్కుచోట్ల మట్టిబాటలు. మిలాను నగరమున బయలుదేరినవారు 90 మంది.

ఎనిమిదవ భాగమున, లాక్విలానుండి పెరూజియాకు పోవుదారిలో, గాలివానలు చెలరేగెను. ఆమె పలుమారులు పడెను, బైసికిలు హ్యాండిలు విరిగెను. ఆ దేశపు చీపుళ్లకు పొడవైన కర్రపిడి యుండును. అట్టి కర్ర నొకదానిని హ్యాండిలునకు బదులు గట్టుకొని యామె సాగెనని చెప్పుదురు. ఇల్లూడ్చు చీపురు పందెమున కక్కరకు వచ్చునని యెవరు తలంచిరి? అయినను గడువు మీరిపోయెను. నియమము ప్రకార మామెను పట్టికనుండి తొలగించిరి.

ఇంటికి పోవుటకు దారి తెరచియే యున్నది. ఆమె పోలేదు. లెక్కలో లేకున్నను తొక్కుటకు నిర్వాహకుల యనుమతి పొందెను. పిదప 415 కిలోమీటర్ల ఫియూమే భాగమున గాయములతో కన్నీరు గార్చుచు ఆలస్యముగా చేరగా, జనులామెను పైకెత్తి జయజయధ్వానములు చేసిరి. తుదకు మిలాను చేరిన పురుషులు 30 మంది మాత్రమే. అల్ఫోన్సినాయు చేరెను. పట్టికలో మాత్ర మామె పేరు లేదు.

మరుసటి సంవత్సరములందు నిర్వాహకు లామెను మరల చేర్చుకొనలేదు. ఆమె యూరకుండక ప్రదర్శనలలో తొక్కి జీవనము సాగించెను. భర్త మతిభ్రమచే చికిత్సాలయమున నుండగా సంసారభార మామెదే యయ్యెను. 1938లో పారిసు చెంత నొక గంటలో 32 కిలోమీటర్లకు పైగా తొక్కెను. పిమ్మట మిలానులో బైసికిళ్ల అంగడి నడపి 1959లో మరణించెను. స్త్రీల కొరకు ఇటలీ ప్రదక్షిణ పందెము 1988లో మొదలయ్యెను. పురుషుల పందెమున పాల్గొన్న స్త్రీ మాత్రము నేటివరకు నామె యొక్కతయే.

మన గృహకృత్యములును ఏ పట్టికకును ఎక్కునవి గావు. లెక్కించువారు లేరని యేది మానితిమి? ఎవరు వ్రాసికొనకున్నను గమ్యము చేరుటయే యొక జయమని ఈ వనిత మనకు చెప్పుచున్నది.